పడుగు పదహారు, పేక పందొమ్మిది: ఒక టెన్నిస్ ప్రేమకథ షార్ట్ ఫిల్మ్ డైరీ

నవంబర్ 6. స్క్రిప్టు, మూడో డ్రాఫ్టు

పని పేరు ‘లెట్’. నిడివి 28 నిమిషాలు, చోటు హనుమకొండ. 15,000 డాలర్ల ప్రైజ్‌మనీ ఉన్న చిన్న అంతర్జాతీయ టోర్నీ ఊళ్లో జరుగుతున్నట్టు కల్పన. నాయిక క్వాలిఫయింగ్ రౌండ్లు దాటి మెయిన్ డ్రాకు వచ్చిన ప్లేయర్. నాయకుడు రాకెట్లకు గట్టింగ్ చేసే (గట్లు, అంటే తీగలు అల్లి బిగించే) కుర్రాడు, వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇంటివాడు. పడుగు, పేక చూస్తూ పెరిగిన చేతులు కాబట్టి రాకెట్టు గట్టింగు అతనికి కొత్త పనిగా అనిపించదు. కథకు ఇదే ఇరుసు.

హాస్యం ఒక్క మాట మీద నడుస్తుంది. మన దగ్గర కోర్టు మీద పనిచేసే ప్రతి మగవాడూ ‘అన్నా’యే. ప్రాక్టీసు ఆడించే మార్కర్ అన్నా, నెట్టు కట్టేవాడు అన్నా, గట్టింగ్ చేసేవాడూ అన్నా. నాయిక అతన్ని మొదటి సీను నుంచీ అలాగే పిలుస్తుంది. ఆ మాట ఎప్పుడు జారిపోతుందా అని అతను కాచుకుని ఉంటాడు.

సున్నాను ‘లవ్’ అంటారన్న దాని మీద రాసిన జోకులు మూడూ తీసేశాం. టెన్నిస్ తెలిసినవాళ్లు అవి వినీ వినీ ఉన్నారు. తెలియనివాళ్లకు విడమరిచి చెప్పాలి, విడమరిస్తే ఇక నవ్వెక్కడ.

రెండో డ్రాఫ్టులో ఒక పెద్ద తప్పు దొర్లింది. బ్రేకులో నాయకుడు నాయికతో మాట్లాడితే చైర్ అంపైర్ ‘కోచింగ్ వయొలేషన్’ ఇచ్చే సీను అది. 2025 జనవరి 1 నుంచి నియమాలు మారాయి. టోర్నీ ఒప్పుకుంటే బయటి నుంచి సలహా చెప్పొచ్చు. ఇవాళ జరుగుతున్న కథలో ఆ శిక్ష పడితే తెలిసినవాళ్లు అక్కడే సినిమా వదిలేస్తారు. దాని బదులు టైమ్ వయొలేషన్ తెచ్చాం, కథ ఇంకా బిగిసింది. పాయింటుకీ పాయింటుకీ మధ్య 25 సెకన్లు, వైపులు మారేటప్పుడు 90 సెకన్లు. మొదటిసారి దాటితే హెచ్చరిక. ఆ తర్వాత సర్వ్ చేసేవాళ్లు దాటితే ఒక సర్వ్ పోతుంది.

నవంబర్ 9. స్కోరు పట్టిక

కెమెరా కన్నా ముందు ఇది తేలాలి. చివరి మ్యాచ్ 6–4, 3–6, 4–5. మూడో సెట్‌లో నాయిక సర్వీసు, 30–40, అంటే అవతలి అమ్మాయికి మ్యాచ్ పాయింటు. దీన్నిబట్టి తేలినవి:

4–5 అంటే ఆ సెట్‌లో 9 గేములు అయ్యాయి. బేసి సంఖ్య కాబట్టి ఇప్పుడే వైపులు మారారు, 90 సెకన్ల బ్రేకు సహజంగా ఇక్కడే వస్తుంది. సంభాషణకు చోటు వెతుక్కోనక్కర్లేదు.

30–40 అంటే 5 పాయింట్లు పూర్తయ్యాయి. అదీ బేసే కాబట్టి సర్వ్ ఎడమ కోర్టు నుంచి చేయాలి. స్టోరీబోర్డులో కుడి నుంచి గీశారు, పదకొండు ఫ్రేములు తిరిగి గీయాల్సి వచ్చింది.

కొత్త బంతులకు 7, 9 పద్ధతి పెట్టుకున్నాం. మొదటిసారి 7 గేములకు, తర్వాత ప్రతి 9కి మారతాయి (ముందు వార్మప్‌లో వాడతారు కాబట్టి మొదటి విడత తక్కువ). అప్పటికి 10+9+9, మొత్తం 28 గేములు. బంతులు 7, 16, 25 తర్వాత మారాయి. కాబట్టి చివరి గేములో బంతి వయసు మూడు గేములే. నూగు కాస్త లేచి ఉండాలి, మాసిపోయి ఉండకూడదు. ప్రాప్స్ డబ్బాలో మూడు సంచులు వేరుచేశాం: కొత్తవి, మూడు గేములవి, ప్రాక్టీసువి. సంచికి ఆరు బంతులు.

ఈ పట్టిక మీదే క్లైమాక్సు కూర్చున్నది. బ్రేకులో మాటలు సాగి 90 సెకన్లు దాటుతాయి, హెచ్చరిక పడుతుంది. 30–40 దగ్గర ఆమె కంచె వైపు చూస్తూ 25 సెకన్లు దాటేస్తుంది, మొదటి సర్వ్ పోతుంది. మిగిలింది ఒక్క సెకండ్ సర్వ్. అది నెట్టు పట్టీని తాకి సర్వీస్ బాక్సులోనే పడుతుంది: లెట్. ఆ ఒక్క సర్వే మళ్లీ. ఇందులో ఏ ముక్కా కల్పించింది కాదు, అన్నీ నియమాల్లో ఉన్నవే. సినిమా పేరూ అక్కడి నుంచే వచ్చింది.

నవంబర్ 15. కోర్టు

ఒక హార్డ్ కోర్టు దొరికింది. గీతల కొలతలు సరిగ్గానే ఉన్నాయి: 78 అడుగుల పొడవు, సింగిల్స్‌కు 27 అడుగుల వెడల్పు, డబుల్స్‌కు 36. నెట్టే బాగా సాగిపోయింది. మధ్యలో 3 అడుగులు ఉండాల్సింది ఇంకో రెండంగుళాలు దిగి ఉంది. మధ్యపట్టీని ఎంత బిగించినా దిగుతుందే తప్ప పైకి రాదు. ముందు స్తంభం దగ్గరి చక్రం తిప్పి తీగ బిగించాలి, ఆ తర్వాత పట్టీతో 3 అడుగులకు దింపాలి. డబుల్స్ నెట్టు మీద సింగిల్స్ ఆడుతున్నాం కాబట్టి సింగిల్స్ గీతకు 3 అడుగుల అవతల రెండు కర్రలు, ఒక్కోటి 3 అడుగుల 6 అంగుళాలు. ఈ కర్రలు లేని సింగిల్స్ మ్యాచ్ వైడ్ షాట్‌లో ఇట్టే పట్టుబడుతుంది.

అంపైర్ కుర్చీ 6 నుంచి 8 అడుగుల మధ్య ఉండాలి. ఉన్నది ఇనుప స్టూలు. వెల్డింగు షాపులో కింద రెండు మెట్లు కలిపి 6 అడుగుల 6 అంగుళాలు చేయించాం. కోర్టు ఉత్తర-దక్షిణంగా ఉంది కాబట్టి కుర్చీ పడమటి పక్కన, మధ్యాహ్నం ఎండ అంపైర్ వీపు మీద పడేలా పెట్టాం. ప్లేయర్ల బెంచీలు దానికి అటూ ఇటూ. బెంచీల మీద కొత్తవాడ దర్రీలు పరిచాం. ఎరుపు–నలుపు చారలవి మొదట వేసి చూస్తే కెమెరాలో చారలు అలలు అలలుగా కదిలాయి. వెడల్పు చారలవి తెచ్చాక సమస్య పోయింది.

కెమెరాలు ఎప్పుడూ పడమటి పక్కనే. అలా అయితే ఉత్తరం వైపు ప్లేయర్ ఫ్రేములో ఎడమకు, దక్షిణం వైపు ప్లేయర్ కుడికి వస్తారు. గేముల మధ్య వైపులు మారితే ఇదీ తారుమారవుతుంది. మారినట్టు చూపకుండా కట్ చేస్తే ఎవరు ఎవరో చూసేవాళ్లకు తెలియదు. అందుకని ప్రతి మార్పుకూ నెట్టు స్తంభం పక్కనుంచి నడిచే మూడు సెకన్ల షాటు తప్పనిసరి అని రాసుకున్నాం.

నవంబర్ 22, 23. గట్టింగు ఇన్సర్టులు (దగ్గరి షాట్లు)

రెండు రోజులూ దీనికే పట్టాయి, పట్టాలి కూడా. ప్రేమంతా ఈ చేతుల్లోనే కనబడాలి.

రాకెట్టు 16×19. నిలువు గట్లు పదహారు, అడ్డం గట్లు పందొమ్మిది. ఒక్క రాకెట్టుకు దాదాపు 12 మీటర్ల గట్. మెషీన్ డ్రాప్‌వెయిట్ రకం, అంటే కడ్డీ మీద బరువు జరిపి టెన్షన్ పెట్టేది. ఎలక్ట్రానిక్ మెషీన్ అయితే పని తొందరగా అవుతుంది గానీ, బరువు నెమ్మదిగా దిగుతుంటే చూడ్డానికి వచ్చే ఉత్కంఠ దాంట్లో లేదు.

ఒక రాకెట్టు మొదటి నుంచి చివరి దాకా వేయడానికి ముప్పావు గంట. షాట్లు వరసలో తీయలేం. అందుకని ఒకే మోడల్ నాలుగు రాకెట్లు, ఒకే రంగు గ్రిప్పు: ఒకటి ఖాళీ ఫ్రేము, ఒకటి నిలువు గట్లు మాత్రమే, ఒకటి అడ్డం గట్లు తొమ్మిది దాకా, ఒకటి పూర్తి. ఏ షాటు ఎప్పుడు కావాలన్నా సరిపోయే రాకెట్టు చేతిలో ఉంటుంది. మెషీన్ మీద ఫ్రేము బిగించే ఆరు చోట్లకూ రంగు టేపు గుర్తులు పెట్టాం, లేకపోతే ప్రతి షాట్‌లో రాకెట్టు కోణం మారిపోతుంది.

తప్పులు:

పాత గట్ కోసే షాట్‌లో నటుడు పైనుంచి వరసగా కోసుకుంటూ వచ్చాడు. ఒక వైపు బిగువు పోయి ఇంకో వైపు ఉంటే ఫ్రేము వంగే ప్రమాదం. నిజంగా పని చేసేవాళ్లు నడిమధ్య నుంచి మొదలుపెట్టి బయటికి, ఏటవాలుగా కోస్తారు. మళ్లీ తీశాం.

11వ అడ్డం గట్ 10వ దానిలాగే ‘పైన-కింద’ పోయింది. వరస మారాలి కదా, ఒకటి పైనుంచి పోతే తర్వాతది కిందనుంచి. మగ్గం మీద పేక తప్పితే బట్టలో ఎలా తెలుస్తుందో ఇక్కడా అలాగే తెలుస్తుంది, గళ్లు జంటగా కనబడతాయి. మానిటర్ మీద ఎవరూ పట్టలేదు. చేతులకు డూపుగా వచ్చిన గట్టింగ్ కళాకారుడే పట్టుకున్నాడు. 11 నుంచి మళ్లీ నేయాల్సి వచ్చింది. ఈ తప్పును కథలోకి తీసుకుందామా అన్న చర్చ నడిచింది, వద్దనుకున్నాం. కథలో తప్పు ఒక్కటే ఉండాలి, అది టెన్షన్‌ది.

ఆ తప్పు ఇదీ: నాయిక అడిగింది 52 పౌండ్లు. అలిగిన నాయకుడు 42 దగ్గర బరువు ఆపేస్తాడు. టెన్షన్ తగ్గితే గట్ల పరుపు ఎక్కువ సాగి బంతిని ఎక్కువ దూరం విసురుతుంది. రోజూ గీత లోపల పడే దెబ్బ గీత దాటుతుంది. పది పౌండ్ల తేడా ప్రొఫెషనల్ ప్లేయర్‌కు మొదటి రెండు దెబ్బల్లోనే చేతికి తెలిసిపోతుంది, అందుకే ఆమె అనుమానం నమ్మేలా ఉంటుంది. కడ్డీ మీద 42 అంకె కనబడే మాక్రో షాటు: 1/50 షట్టర్, పక్క నుంచి ఒక చిన్న లైటు. అంకెలు చెక్కినవి కాబట్టి ఎదురు వెలుగులో మాయమవుతాయి, పక్క వెలుగులోనే చదవొస్తాయి.

నవంబర్ 29. బంతి లేని ర్యాలీ

నటులిద్దరికీ ఆట వచ్చు గానీ ఆ స్థాయి రాదు. దానికి తోడు కెమెరా ముందు బంతి చెప్పిన చోట పడదు. కాబట్టి ర్యాలీలన్నీ ఖాళీ రాకెట్లతో తీసి, బంతి తర్వాత కంప్యూటర్లో కలపాలి. 2004లో వచ్చిన ‘వింబుల్డన్’ సినిమాలోనూ చాలా బంతులు అలా కలిపినవే.

కష్టమంతా లయలో ఉంది. లయ కోసం ఒక డప్పు పెట్టాం. మొదట దెబ్బ–టప్పా (బంతి నేలను తాకడం)–దెబ్బ సమాన దూరాల్లో కొట్టించాం. చూస్తే ఇద్దరూ ఆలస్యంగా ఊపుతున్నట్టే ఉంది. కారణం ఆలోచిస్తే తెలిసింది: బంతి రాకెట్టు నుంచి టప్పా దాకా దాదాపు 18 మీటర్లు పోతుంది, టప్పా నుంచి అవతలి రాకెట్టు దాకా ఆరేడు మీటర్లే. అంటే టప్పా నడిమధ్యలో రాదు. మూడు మాత్రల లెక్కకు మార్చాం. ఒక్కో మాత్ర అర సెకను: ఒకటి దెబ్బ, రెండు ఖాళీ, మూడు టప్పా, మళ్లీ ఒకటి దెబ్బ. ఆవృతం సెకనున్నర. డప్పు కొట్టే అతను రెండో మాత్రను వేలి చివరతో సన్నగా కొట్టేవాడు, దానితో నటుల కాళ్లకు ‘ఇప్పుడు కదులు’ అన్న సంకేతం అందింది. నాలుగో టేకు నుంచి దెబ్బలు కుదిరాయి.

కళ్లు ఇంకో సమస్య. బంతి లేనప్పుడు నటులు ఎదుటి మనిషి మొహం చూస్తారు, నిజం ప్లేయర్ చూపు బంతితోపాటు కిందికి దిగి లేస్తుంది. టప్పా చోట నేల మీద చిన్న ఆకుపచ్చ టేపు ముక్కలు అతికించాం. మూడో మాత్రకు చూపు టేపు మీద ఉండాలి.

డిసెంబర్ 6. జనం

గ్యాలరీ తూర్పు పక్క. మధ్యాహ్నం తీస్తే ఎండ నేరుగా కళ్లలో పడి అందరూ మొహాలు చిట్లించుకుంటారు. పొద్దున ఎనిమిదిన్నరకు తీశాం. ఎండ వెనక నుంచి వస్తుంది, మొహాల మీదికి వెలుగు తిప్పడానికి 8×4 అడుగుల థర్మోకోల్ షీట్లు నాలుగు.

జనం 24 మంది. కెమెరా కదలకుండా బిగించి, ఎక్స్‌పోజరూ ఫోకసూ చేత్తో లాక్ చేసి, వాళ్లనే నాలుగు చోట్ల కూర్చోబెట్టి తీస్తే 96. చొక్కాలు మార్చాలి, పక్కపక్కవాళ్లను కూడా మార్చాలి. తలలు తిప్పడానికి మళ్లీ అదే డప్పు. మూడో విడతలో మబ్బు పట్టి వెలుగు తగ్గింది, ఆ విడత అతుకు తెలిసిపోయింది. ఎండ తిరిగొచ్చే దాకా ఆగి మళ్లీ తీయడం తప్ప దారి లేదు.

పొద్దున ఏడింటికి కోర్టు మీద మంచు తడి ఉంటుంది. వైపర్‌తో లాగి, గోనెసంచితో తుడిచి, అరగంట ఆరనివ్వాలి. సింథటిక్ నేల మీద తడి కంటికి కనబడదు, కాలికే తెలుస్తుంది. తెలిసేసరికి మనిషి కింద ఉంటాడు.

డిసెంబర్ 13. తొంభై సెకన్లు

బ్రేకు సీను. 90 సెకన్లంటే పాయింటు అయిన క్షణం నుంచి తర్వాతి సర్వ్ దాకా. నడక, టవలు, నీళ్లు పోను కూర్చునేది నిమిషమే, ఆలోపే అంపైర్ ‘టైమ్’ అంటాడు. రాసిన సంభాషణ చదివితే రెండు నిమిషాలు వచ్చింది. కోసి కోసి ఇది మిగిలింది. కొత్త గట్టింగు రాకెట్టు అందించడానికి నాయకుడు కంచె దగ్గరికి వస్తాడు:

“అన్నా, గిది నా రాకెట్టేనా?”
“నీదే. గట్టింగే నాది.”
“బంతి ఆగుతలేదు. అన్నీ బయటికే పోతున్నయ్.”
“నిన్న పది పౌండ్లు తక్కువ గుంజిన.”
“ఎందుకు?”
“అన్నా అన్నవ్.”

ఇక్కడ ఆమె ఏమీ అనదు. అంపైర్ ‘టైమ్’ అంటాడు. ఆమె లేవదు. హెచ్చరిక పడుతుంది.

“అన్నా అన్నవ్” అన్న మాటను నటుడు మొదట కోపంగా, తర్వాత బతిమాలుతున్నట్టు చెప్పాడు, రెండూ కుదరలేదు. మెషీన్ మీద బరువు ఎంత పెట్టాడో చెప్పినంత మామూలుగా చెప్పినప్పుడు సెట్ మీద నవ్వు ఆగలేదు. ఆ నవ్వు ట్రాకులో పడింది కాబట్టి ఇంకో టేకు. అదయ్యాక కాజీపేట వైపు నుంచి రైలు కూత. మొత్తం తొమ్మిది టేకులు, వాడేది ఏడోది.

డిసెంబర్ 14. లెట్ షాటు

ఇది మాత్రం అసలు బంతితోనే. పట్టీ మీద తగిలి వణికి, ఒక్క క్షణం నిలిచి అవతలికి పడటం కంప్యూటర్లో చేస్తే ఆ వణుకు రాదు. సర్వ్ చేయించి ప్రయత్నిస్తే బంతి వేగం ఎక్కువై ఎగిరి దూరం పోతోంది. నెట్టుకు రెండు మీటర్ల దూరంలో నిచ్చెన వేసి, పైనుంచి చేత్తో విసిరించాం. సెకనుకు 100 ఫ్రేములు. ఫ్లడ్‌లైట్ల కింద తీసిన మొదటి విడత పనికిరాలేదు. మన కరెంటు 50 హెర్ట్జ్, లైట్లు సెకనుకు వంద సార్లు మినుకుతాయి. 100 ఫ్రేములతో సరిపోవాలి గానీ కరెంటు ఎప్పుడూ కచ్చితంగా యాభై ఉండదు, అందుకని వెలుగు నెమ్మదిగా లేచి పడుతోంది. ఇవాళ మూడు గంటల ఎండలో తీశాం.

డిసెంబర్ 27. బంతి కలపడం

సెకనుకు 25 ఫ్రేములు, 1/50 షట్టర్. గంటకు 65 కిలోమీటర్ల వేగంతో పోయే బంతి ఒక్క ఫ్రేములో షట్టర్ తెరిచి ఉన్నంతసేపట్లో 36 సెంటీమీటర్లు కదులుతుంది. బంతి వ్యాసం ఆరున్నర సెంటీమీటర్ల పైచిలుకు. అంటే తెరమీద అది గుండ్రంగా ఉండకూడదు, తన వ్యాసానికి ఐదారింతల పొడవున్న పసుపు గీతలా ఉండాలి. మొదటి కూర్పులో గుండ్రని బంతి పెట్టడం వల్లే బొమ్మలాట వాసన వచ్చింది.

టప్పా దాకా 25 ఫ్రేములు, తర్వాత 12. గాలి వల్ల వేగం తగ్గుతూ పోతుంది, టప్పాతో ఇంకా తగ్గుతుంది. ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య ఎడం మొదట్లో ఎక్కువ, చివర్లో తక్కువ ఉండాలి.

నీడను చాలామంది వదిలేస్తారు, అక్కడే పట్టుబడుతుంది. డిసెంబరులో ఇక్కడ మూడు గంటలకు సూర్యుడు సుమారు 30 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. మీటరు ఎత్తున్న బంతి నీడ 1.7 మీటర్ల అవతల, ఈశాన్యంగా పడుతుంది. నాలుగు గంటల షాట్లలో అదే నీడ 2.7 మీటర్లకు పోతుంది. బంతి దిగేకొద్దీ నీడ దగ్గరికి వచ్చి, టప్పా ఫ్రేములో రెండూ కలవాలి. కలవకపోతే బంతి గాలిలో తేలినట్టుంటుంది. నెట్టు ముందుభాగంలో ఉన్న షాట్లలో బంతి నెట్టు గళ్ల వెనక నుంచి కనబడాలి, అలాంటివి ఏడున్నాయి. ఒక్కోటి ఒక్కో పూట పని.

జనవరి 4. శబ్దం

రాకెట్టు దెబ్బలు విడిగా రికార్డు చేశాం: కోర్టు మీద, మైకు మూడు అడుగుల దూరంలో, గాలికి బొచ్చు తొడుగు వేసి. కథకు కావాల్సిన శబ్దం ఇంకోటి ఉంది. ప్లేయర్లు రాకెట్టు తీసుకోగానే అరచేత్తో గట్లను తడతారు, ఆ మోత విని బిగువు చెబుతారు. 52కూ 42కూ మధ్య స్వరంలో తేడా లెక్కవేస్తే దాదాపు రెండు స్వరస్థానాలు. చెవికి బాగా తెలిసేంత. రెండు రాకెట్లనూ ఒకే చోట, ఒకే చేత్తో తట్టి విడివిడిగా తీసుకున్నాం.

చివరి షాట్‌లో ఆమె వచ్చే టోర్నీకి సంచి సర్దుకుంటూ ఒక రాకెట్టు తీసి తడుతుంది, సంచిలో పెడుతుంది. మాట లేదు. అక్కడ 42 మోత వినబడాలి. మొదటి మిక్స్‌లో పొరపాటున 52 శబ్దం పడింది, సీను అర్థమే మారిపోయింది. సరిచేసిన ట్రాకు ఇవాళ ఎక్కింది. నేపథ్య సంగీతాన్ని ఆ తట్టుకు ముందు నాలుగు సెకన్లు, తర్వాత రెండు సెకన్లు పూర్తిగా ఆపాం.